పాత విలాసపు కారు: దాని రోగములు, వైద్య వ్యయము

"ఏనుగును కొని అంకుశము వద్ద బేరమాడినట్లు" అను సామెతను తరగతిలో చెప్పినపుడెల్ల విద్యార్థులు నవ్వుదురు. ఏనుగును కొనగలిగినవాడు అంకుశమునకు పైకము లేదనుట వారికి వింతగా తోచును. నాకును చాలకాలము అట్లే తోచినది. కాని ఏనుగు చౌకగా దొరకు రోజులు వచ్చినచో ఆ సామెతలో వింత యేమియు లేదు. రాజుగారు వద్దనుకొన్న ముసలి ఏనుగును సామాన్యుడొకడు తక్కువ ధరకు కొనినాడనుకొందము. ఏనుగు ధర తగ్గినది గాని దాని మేత తగ్గలేదు, మావటి జీతము తగ్గలేదు, అంకుశము ధర తగ్గలేదు. పైగా ముసలిది కనుక వైద్యుని పని పెరిగినది. ఈ వ్యాసమున నేను వివరింపదలచినది ఇదియే. ఏనుగునకు బదులు ఒక కారును ఉదాహరణముగా గ్రహించినాను.

తెలుగు బోధించువానికి కారు ఇంజనుతో నేమి పని అని కమిటీ పెద్దలు ప్రశ్నింపవచ్చును. మన విద్యార్థులలో పలువురి తండ్రులును అన్నలును మెకానిక్ షెడ్లలో, పెయింటింగు పనులలో, టైర్ల దుకాణములలో జీవనము సాగించుచున్నారు. ప్రతి సంవత్సరము ఎవరో ఒక విద్యార్థి సెల్‌ఫోనులో ఒక నల్లని పెద్ద కారు బొమ్మ చూపి, "సార్, బెంజి ఎస్-క్లాస్. ఐదు లక్షలకే ఇస్తున్నారంట. మా అన్న తీసుకుందామంటున్నాడు" అనుట నాకు అలవాటైనది. ఒక చిన్న కారు వచ్చు ధరకు ఒకనాడు మంత్రులును పారిశ్రామికవేత్తలును ఎక్కిన కారు వచ్చుచున్నదన్నచో యువకుల మనస్సు చలించుట సహజమే. మా కుటుంబమున ఏబది యేండ్లు దాటిన పెద్దమనిషి మనస్సే చలించినది. ఆయన మా పెద్దమామూ. ఆ కథను వారి అనుమతి తీసికొనియే ఇందు చేర్చుచున్నాను.

ముందుగా కారును గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. జర్మనీ దేశపు మెర్సిడెస్-బెంజ్ సంస్థ తన పెద్ద కార్లకు ఎస్-క్లాస్ అను పేరును 1972 నుండి వాడుచున్నది. ఒక్కొక్క తరమునకు ఒక్కొక్క సంకేతము కలదు. 1979లో వచ్చినది డబ్ల్యూ 126, 1991లో వచ్చినది డబ్ల్యూ 140, 1998లో వచ్చినది డబ్ల్యూ 220. 2005లో దాని స్థానమును డబ్ల్యూ 221 ఆక్రమించినది. మన ప్రాంతములలో నాలుగైదు లక్షలకు బేరమునకు వచ్చునవి పెక్కులు ఈ డబ్ల్యూ 220 తరపువే. ఇది తన ముందుతరము కంటె తేలికైనది, నాజూకైనది. గాలిని చీల్చుకొని పోవుటలో దీని నిరోధ గుణకము 0.27 మాత్రమే, అంతటి పెద్ద కారునకు ఆనాడు అది గొప్ప విశేషము. ఉక్కు స్ప్రింగులకు బదులు గాలి సంచులపై నిలుచుట, ముందు పోవు వాహనము దూరమును రాడారుతో గ్రహించి వేగమును తానే తగ్గించుకొనుట, తాళపుచెవి త్రిప్పకయే తలుపు తెరచుకొనుట మున్నగు విద్యలను ఈ కారుతోనే ఆ సంస్థ లోకమునకు చూపినది. 2002లో, ప్రమాదమును ముందే పసిగట్టి సీటుబెల్టులను బిగించు ఏర్పాటును కూడ చేర్చినది.

ఇన్ని విద్యలు ఒక్కచోట చేరుటయే దీని గొప్పతనము. దీని బలహీనతయు అదియే. క్రొత్తగా కనిపెట్టిన పరికరము మొదటి పదేండ్లు బాగుగనే పనిచేయవచ్చును. ఇరువదేండ్లకు దాని రబ్బరు ఏమగును, దాని తీగెలేమగును అను ప్రశ్నకు సమాధానమును కాలమే చెప్పవలెను. కాలము చెప్పిన సమాధానమును నేడు విని చెల్లించువాడు మొదటి యజమాని కాదు, నాలుగవ యజమాని.

ధరల లెక్కను ఇచ్చట చూడవలసియున్నది. ఒక కారు క్రొత్తది కొన్నప్పుడు 50 లక్షలని ఊహించుకొందము. ఏటా దాని పోషణకు ఆ ధరలో నూటికి రెండు చొప్పున, అనగా లక్ష రూపాయలు అగుచున్నవనుకొందము. 50 లక్షలు పెట్టి కొన్నవానికి ఆ లక్ష భారము కాదు. పదునైదేండ్ల పిమ్మట అదే కారు 5 లక్షలకు దిగినది. మరమ్మతు ఖర్చు మాత్రము దిగలేదు. విడిభాగమును తయారు చేయువాడు కారు వయస్సును చూచి ధర తగ్గింపడు. అది 50 లక్షల కారునకు చేసిన భాగము, దాని ధర ఆ మర్యాదకు తగినట్లే ఉండును. పైగా వయస్సు మళ్లినది కనుక లక్ష కావలసినచోట రెండు లక్షలగును. అప్పుడు మరమ్మతు ఖర్చు కారు ధరలో నూటికి రెండు కాదు, నూటికి నలుబది. కారు అదే, ఖర్చు దాదాపు అదే; మారినది ఖర్చు పెట్టువాని తాహతు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఈ లెక్కను తమ నోటు పుస్తకములలో వేసికొనిన మేలు.

ఇక మామూ కథ. మా పెద్దమామూ కర్నూలున టెంట్‌హౌసు నడుపుచుండిరి. షామియానాలు, కుర్చీలు, బిర్యానీ దేగిసలు అద్దెకిచ్చుట వారి వృత్తి. పెండ్లిండ్లకు పెద్ద కార్లను అద్దెకు తెచ్చుకొను అలవాటు మన పట్టణములలో పెరిగిన కాలమది. బరాత్‌కు ఒక నల్లని బెంజి కారు ఉన్నచో ఒక్క రాత్రికి ఎంతైనను ఇచ్చువారున్నారని ఎవరో చెప్పిరి. 2016లో ఆయన తన సామాను బండిని అమ్మి, కూతురి పెండ్లికని దాచినదానిలో కొంత కలిపి, 5,50,000 రూపాయలకు 2002 నాటి పెట్రోలు ఎస్-క్లాసును కొనిరి. అది ఢిల్లీ బండి. అంత చౌకగా ఢిల్లీనుండి వచ్చుటకు కారణము కలదు. జాతీయ హరిత ట్రిబ్యునలు 2014లో పదునైదేండ్లు దాటిన వాహనములను, 2015లో పదేండ్లు దాటిన డీజిలు వాహనములను ఢిల్లీ ప్రాంతమున తిరుగనీయరాదని ఉత్తరువులిచ్చినది. 2018లో సుప్రీంకోర్టు వానిని బలపరచినది. కాలము సమీపించిన బండ్లు ఇతర రాష్ట్రములకు తరలివచ్చినవి. అచ్చట నిరభ్యంతర పత్రము తెచ్చి, ఇచ్చట జీవితకాలపు పన్ను మరల కట్టి, క్రొత్త నెంబరు పొందవలెను. దలాలి చెప్పిన ధరలో ఈ ఖర్చులేవియు లేవు. సొంత వాడకపు నెంబరు గల కారును అద్దెకు త్రిప్పుట చట్టసమ్మతము కాదని మామూకు ఎవరును చెప్పలేదు. ఆనాడు నాకును తెలియదు, తెలిసియుండవలసినది.

కారు వచ్చిన నాడు బస్తీ అంతయు కూడినది. మాఁయీ గారు సెమియా పాయసము వండిరి. నేను వెనుక సీటున కూర్చుండి, తలుపు వేసిన పిమ్మట బయటి చప్పుడు ఒక్కటియు వినబడకుండుటను చూచి ఆశ్చర్యపడితిని. రెండు వేల రూపాయల జీతపు వ్యత్యాసమునకై తగవులాడుకొను మా వంటివారికి ఆ నిశ్శబ్దము ఒక మత్తు వంటిది.

రెండవ నెలలో ఒక ఉదయమున కారు ముందు కుడిప్రక్క నేలకు ఒంగియుండెను. ఇంజను ఆడించగా కొంతసేపటికి లేచినది. అందరును టైరులో గాలి తగ్గినదనిరి. టైరు బాగుగనే ఉన్నది. ఈ కారునకు ఉన్న ప్రధాన వ్యాధిని అర్థము చేసికొనుటకు దీని అమరికను కొంత చెప్పవలెను.

మామూలు కారున చక్రమునకును దేహమునకును నడుమ ఉక్కు స్ప్రింగును, షాకబ్జరును ఉండును. ఎయిర్‌మాటిక్ అని పిలువబడు ఈ ఏర్పాటున స్ప్రింగు స్థానమున రబ్బరు సంచి కలదు. రబ్బరు సంచియు షాకబ్జరును కలిసిన భాగమును స్ట్రట్ అందురు. నాలుగు చక్రములకు నాలుగు స్ట్రట్లు. ముందుభాగమున ఒక చిన్న కంప్రెసరు గాలిని నొక్కి పంపును. ఏ చక్రమునకు ఎంత గాలి పోవలెనో కవాటముల దిమ్మె పంచును. కారు ఎత్తును కొలుచు సెన్సర్లు కలవు. వీనినన్నిటిని నడుపు కంప్యూటరు వేరు. రోడ్డు ఎట్లున్నను లోపల కూర్చున్నవానికి తెలియకుండుట ఈ గాలి మహిమయే.

రబ్బరు సంచి కారు లేచినపుడు విచ్చుకొనుచు, దిగినపుడు మడతపడుచు ఉండును. మడత ఎప్పుడును ఒకే తావున పడును గనుక కొన్నియేండ్లకు అచ్చట సన్నని పగుళ్లు వచ్చును. మన ఎండకు రబ్బరు ఇంకను త్వరగా పెళుసుబారును. పగులు మొదట వెంట్రుకవాసి మాత్రమే. రాత్రంతయు నిలిపిన కారు ఉదయమునకు ఒక మూల కుంగియుండుట దాని మొదటి గుర్తు. ఇంజను ఆడగానే కంప్రెసరు గాలి నింపి కారును లేపును గనుక యజమాని సంతోషించి ఊరకుండును. అసలు నష్టము అచ్చటనే ఆరంభమగును. అప్పుడప్పుడు మాత్రము పనిచేయుటకై చేసిన కంప్రెసరు ఎడతెగక పనిచేయసాగును. వేడెక్కి, అరిగి, కాలిపోవును. దానికి విద్యుత్తును అందించు రిలే అను చిన్న భాగము అతుక్కొనిపోయినచో ఇంకను అన్యాయము. కంప్రెసరు ఆగవలసినచోట ఆగక చచ్చువరకు తిరుగును. కొద్ది వందల రిలేను సకాలమున మార్చనందువలన వేలకు వేలు పోయు కంప్రెసరు పోవును. కంప్రెసరు పోయిన పిమ్మట కారు లేవదు. లేవని కారును నడుపరాదు, నడిపినచో చక్రము లోపలి అంచులకు రాచుకొనును.

ఈ సంగతినంతయు మాకు బోధించినవారు షెడ్డు నడుపు ఒక ఉస్తాద్. వారి కుమారుడు మన విద్యార్థియే. ఆయన చదివినది ఐదవ తరగతి వరకే. కాని వారి పాఠము చెప్పు తీరు చూచి నేను సిగ్గుపడితిని. సబ్బునీటిని సంచిపై జల్లి, బుడగ లేచిన తావును వ్రేలితో చూపి, "చూడండి సార్, ఇక్కడ ఊపిరి పీలుస్తోంది" అనిరి. రెండు ముందు స్ట్రట్లను ఒకేసారి మార్చుమనిరి. కుడిది పోయినచో ఎడమది కూడ అదే వయస్సుదని వారి తర్కము. అసలు కంపెనీ స్ట్రట్ల జతకు చెప్పిన ధర కారు కొన్న ధరలో మూడవ వంతునకు పైబడినది. మామూ కొంతసేపు మాటాడలేదు. అవియే పాతవానికి క్రొత్త రబ్బరు వేసి బాగుచేసినవి సగము కంటె తక్కువకు వచ్చునని ఉస్తాద్ చెప్పగా, మామూ అవియును రెండు కాదు, ఒకటే చాలుననిరి. ఒకటే వేయించిరి. ఐదు నెలలకు రెండవది పోయినది.

అది పోయిన రోజు మంచి రోజు కాదు. నంద్యాలలో నికా. కారును మునుపటి రాత్రియే గులాబీలతో, మల్లెదండలతో అలంకరించి ఫంక్షన్ హాలు ముందు నిలిపిరి. డ్రైవరు నాలుగు చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి నలిపించెను. డ్రైవర్లలో ఆ అలవాటునకు మతభేదము లేదు. తెల్లవారునప్పటికి కారు ఎడమప్రక్క నేలకు అంటుకొనియుండెను. ఇంజను ఆడింపగా ముందరి తెరపై ఎర్రని అక్షరములతో, కారు చాల క్రిందికి ఉన్నది, ఆపుమను హెచ్చరిక వచ్చినది. దూల్హా ఇన్నోవాలో ఎక్కిపోయెను. మామూ అడ్వాన్సు తిరిగి ఇచ్చి, పెండ్లివారి మాటలు పడి, కారును లారీపై ఎక్కించి కర్నూలు చేర్చిరి. మాఁయీ గారు నజర్ తగిలినదనిరి. కంప్రెసరు తగిలినదని నేను అనలేకపోయితిని.

నిమ్మకాయ మాట వచ్చినది గనుక ఒక విషయము చెప్పి ముందుకు పోయెదను. మనకు నిమ్మకాయ కారునకు రక్ష. అమెరికా వాడుకలో లోపములు దాగిన చెడ్డ కారునే నిమ్మకాయ అందురు. జార్జ్ ఆకర్‌లాఫ్ అను ఆర్థికశాస్త్రవేత్త 1970లో "నిమ్మకాయల సంత" అను అర్థము గల శీర్షికతో ఒక చిన్న వ్యాసము ప్రకటించెను. మూడు పత్రికలు త్రిప్పిపంపిన పిమ్మట అది అచ్చైనది. ఆయనకు 2001లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానము లభించుటకు ఆ వ్యాసమే ముఖ్య కారణము. దాని సారమును మా ఉస్తాద్ షెడ్డులో కూర్చుండియే చెప్పవచ్చును. పాత కారు లోపము అమ్మువానికి తెలియును, కొనువానికి తెలియదు. తెలియదు గనుక కొనువాడు అన్నిటికిని నడిమి ధరనే ఇచ్చును. ఆ ధర మంచి కారు యజమానికి గిట్టదు. అతడు అమ్మక తనయొద్దనే ఉంచుకొనును, లేదా తెలిసినవారికి ఇచ్చును. చెడ్డ కారు యజమానికి అదే ధర లాభము. కావున సంతకు వచ్చువానిలో చెడ్డవే ఎక్కువగును. ధర ఇంకను తగ్గును. అట్లు తగ్గిన ధరను చూచి మన విద్యార్థి అన్నయ్య "చౌక" అని సంతోషించును.

ఇతర వ్యాధులను సంగ్రహముగా చెప్పెదను. ఇంజను మాత్రము గట్టిది. ఆరు సిలిండర్ల ఇంజను, దానికి రబ్బరు బెల్టు గాక గొలుసు. ఓపికగా చూచుకొనిన చాలకాలము మన్నును. అయితే ఒక్కొక్క సిలిండరునకు రెండేసి స్పార్కు ప్లగ్గులు. అనగా పండ్రెండు. ఎనిమిది సిలిండర్లదైనచో పదునారు. చిన్న కారునకు మూడో నాలుగో చాలును. ఇంజను ఆయిలు దాదాపు ఎనిమిది లీటర్లు, అదియును మేలైన సింథెటిక్ రకము. చిన్న కారునకు మూడు లీటర్ల చిల్లర. రోగము లేనప్పుడు సైతము ఈ కారు మూడు కార్ల తిండి తినుననుటకు ఈ రెండు లెక్కలే చాలును. ఇంజను పైమూతల రబ్బరులు ఎండి ఆయిలు చెమర్చుట సాధారణము.

మామూను ఎక్కువ బాధించినది ఇంకొక చిన్న వస్తువు. కారు నలుబది కిలోమీటర్లు పోయిన పిమ్మట, వేడి మీద, ఉన్నట్లుండి ఆగిపోవుచుండెను. అరగంట చల్లారినచో మరల ఆడును. ఒక పట్టణపు షెడ్డువారు పెట్రోలు పంపు పోయినదని క్రొత్తది వేసిరి. కారు మరల ఆగెను. తరువాత తీగెలన్నియు విప్పిరి. కారు మరల ఆగెను. చివరకు మా ఉస్తాద్ చూచి, ఇంజను తిరుగుడును గుర్తించు క్రాంక్ సెన్సరు వేడికి పనిచేయుట లేదని చెప్పి మార్చిరి. దాని ధర, పెట్రోలు పంపు ధరలో నాలుగవ వంతు కూడ లేదు. ఈ ఇంజన్లకు ఇది మిక్కిలి ప్రసిద్ధమైన లక్షణము. వేడిమీద ఆగి చల్లారిన పిమ్మట ఆడినచో మొదట అనుమానింపవలసినది దానినే. పాత విలాసపు కారున డబ్బు పోవు మార్గములలో తప్పుడు రోగ నిర్ణయము ప్రధానమైనది. చెడిన భాగము వెల కంటె చెడని భాగములను మార్చిన వెలయే ఒక్కొక్కసారి ఎక్కువ. సంస్థ వారి స్టార్ డయాగ్నోసిస్ యంత్రము వంటిది చేతిలో లేనివాడు ఈ కారును విప్పుట, నాడి చూడక మందిచ్చుట వంటిది.

అయిదు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సును గూర్చి ఒక్క హెచ్చరిక. దీనిలోని నూనె జీవితకాలము మార్చనక్కర లేనిదని తొలుత ప్రకటించిరి. తరువాత సంస్థయే మనస్సు మార్చుకొని మార్చవలెననినది. ఎవరి జీవితకాలమని మనము అడుగవలెను. నూనె మార్చని గేర్‌బాక్సు కుదుపులిచ్చును. లోపలి విద్యుత్ ఫలక పోవును. ఫలకకు తగిలించు ప్లగ్గు వద్ద రబ్బరు ఉంగరము చెడినచో నూనె తీగెల వెంట ప్రాకి దూరమున ఉన్న గేర్‌బాక్సు కంప్యూటరును చేరును. కొద్దిపాటి వెలగల ఉంగరము కంప్యూటరును చంపుట ఇట్లు జరుగును. రేడియో, టెలిఫోను, సీడీ మార్చు పెట్టె మున్నగునవి కాంతి ప్రసరించు సన్నని దారముతో వలయముగా కలిపియుండును. వలయములో ఒక్కటి చచ్చినను అన్నియు మూగవోవును. ఇక తుప్పు. పూర్వపు బెంజి కార్లను ఎరిగినవారు నమ్మరు గాని, ఈ తరపు కార్లకు చక్రముల పై వంపులలోను, తలుపుల అడుగున, డిక్కీ మూతపైనను తుప్పు పట్టుట ఐరోపాలోనే ప్రసిద్ధము. తుప్పు పైన వేసిన క్రొత్త రంగును చూచి మోసపోరాదు.

బీమా ఉన్నది గదా అని ఒక విద్యార్థి అడిగెను. బీమా కంపెనీ ప్రమాద నష్టమునకే గాని అరుగుదలకు బాధ్యత వహింపదు. ప్రభుత్వపు రుసుములు కూడ వయస్సుతో పాటు పెరుగుచున్నవి. పదునైదేండ్ల పిమ్మట కారు రిజిస్ట్రేషనును మరల చేయించుకొనవలెను. 2022 ఏప్రిల్ 1 నుండి ఆ రుసుము 600 రూపాయల నుండి 5,000 రూపాయలకు, విదేశములనుండి దిగుమతి అయిన కారునకు 40,000 రూపాయలకు పెరిగినది. 2025 ఆగస్టులో ఇరువదేండ్లు దాటినవానికి 10,000 రూపాయలని, దిగుమతి కారునకు 80,000 రూపాయలని కేంద్ర ప్రభుత్వము నిర్ణయించినది. డబ్ల్యూ 220 కార్లు దాదాపు అన్నియు నేడు ఇరువదేండ్లు దాటినవే. కావున కొనునది ఇచ్చట కూర్చిన కారో, పూర్తిగా దిగుమతి అయినదో పత్రములలో చూచుకొనుట కూడ డబ్బుతో కూడిన ప్రశ్నయే.

మామూ ఆ కారును మూడేండ్లు ఉంచుకొనిరి. గాలి సంచులను తీసివేసి ఉక్కు స్ప్రింగులు వేయించుకొమ్మని కొందరు సలహా ఇచ్చిరి. అది చేయదగిన పనియే, ఖర్చు తక్కువ. కాని ఆ మెత్తదనము పోవును, తెరపై హెచ్చరిక వెలుగుచుండును, పిమ్మట కొనువాడు మొగము త్రిప్పుకొనును. మామూ ఒప్పుకొనలేదు. "స్ప్రింగులే కావాలంటే అంబాసిడర్ కొనేవాడిని గదరా" అనిరి. 2019లో దానిని విప్పి భాగములుగా అమ్ముకొను ఒక వ్యాపారి 1,40,000 రూపాయలకు తీసికొనిపోయెను. దీపములు ఒకరికి, తలుపులు ఒకరికి, ఇంజను ఒకరికి పోయినవట. కారు మొత్తముగా పలుకని ధర విడివిడిగా పలికినదని ఉస్తాద్ చెప్పిరి. మామూ మొత్తము నష్టము ఎంతయో నేను అడుగలేదు. మా మామూ కూతురి పెండ్లి ఒక సంవత్సరము వెనుకబడినదని మాత్రము నాకు తెలియును.

ఇంత చెప్పి ఈ కారు చెడ్డదని నేను అనుట లేదు. ఉస్తాద్‌కు నేటికిని దానిపై గౌరవము కలదు. మరమ్మతు బిల్లులో పెద్ద పాలు కూలిది, రోగ నిర్ణయముది. పనిని తన చేతులతో చేసికొనగలిగి, మరొక కారుతో జీవనము సాగించుచు, దీనిని ఆదివారపు వేడుకగా ఉంచుకొనువానికి లెక్క వేరు. మన విద్యార్థుల ఇండ్లలో అట్టివారు కొందరున్నారు. జీవనమే ఈ కారుపై ఆధారపడినవానికి మాత్రము ఇది తగదు. కొన్న ధరలో కనీసము సగము చేతిలో మిగుల్చుకొని గాని బేరమునకు పోరాదని నా అభిప్రాయము. కారు కంటె దాని సర్వీసు పుస్తకమునే ముందు చదువవలెను. పుస్తకము లేని కారు, మార్కుల జాబితా లేని అభ్యర్థి వంటిది. చల్లని ఇంజనును మన యెదుటనే ఆడింపుమనవలెను. వేడెక్కు వరకు, కనీసము గంటసేపు నడుపవలెను.

ఈ సంవత్సరము డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు తన అన్నతో కలిసి నన్నును ఉస్తాద్‌ను ఒక కారు చూచుటకు తీసికొనిపోయినాడు. కారు మెరయుచుండెను. మేము పోవుసరికి ఇంజను అప్పటికే వెచ్చగా నుండెను. ఉస్తాద్ ఏమియు మాటాడక జేబులోని టేపు తీసి, నాలుగు చక్రముల వద్దను నేలనుండి రేకు అంచు వరకు కొలిచి, ఆ అంకెలను విద్యార్థి చేతనే వ్రాయించిరి. పిమ్మట అమ్మకందారుతో, "ఈ రాత్రి ఇంజను ఆడించకుండా ఇక్కడే ఉంచండి. పొద్దున ఆరింటికి వచ్చి మళ్లీ కొలుస్తాం. నాలుగూ ఇవే ఉంటే రేటు మాట్లాడుకుందాం" అనిరి. అమ్మకందారు సరేననెను. మరునాడు ఆరు గంటలకు మేము పోవునప్పటికి గేటునకు తాళము వేసియున్నది. విద్యార్థి మూడుసార్లు ఫోను చేసినాడు. ఎవరును ఎత్తలేదు.